ఆవు పొట్టలో ఇంకో మంద

కనుమ మర్నాడు, పెళ్లి మర్నాడు, గంగజాతర ముగిసిన మర్నాడు చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచి పశువైద్యుడికి ఫోన్ వచ్చిందంటే సంగతి సగం ముందే తెలిసిపోతుంది. చెప్పే మాట దాదాపు ఒకటే: "సార్, రాత్రి మిగిలిన అన్నం తొట్టిలో పోసినాం. బాగానే తినింది. పొద్దున్నుంచి నెమరు లేదు, కసువు ముట్టలేదు, పేడ నీళ్ల మాదిరి పోతా ఉంది."

కొట్టంలోకి వెళ్లి చూస్తే ఆవు తల వేలాడేసి నిలబడి ఉంటుంది. పళ్లు కొరుకుతుంటుంది. కళ్లు గుంటలు పడి ఉంటాయి. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కి కదిపితే లోపల నీళ్లు నిండిన తిత్తి కదిలినట్టు గలగలమంటుంది. పేడలో అరగని మెతుకులు, పుల్లటి వాసన. నడిపిస్తే తాగినవాడిలా తూలుతుంది. అది తిన్నది ఇంటిల్లిపాదీ తిన్న అన్నమే, పాచిపోయింది కూడా కాదు. మనిషికి పథ్యంగా పెట్టే అన్నం ఆవుని ఒక్క రాత్రిలో ఎందుకు కూలదోస్తుందో తెలియాలంటే ఆవు కన్నా ముందు దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవుల సంగతి తెలియాలి.

గడ్డిని అరిగించేది ఎవరు?

ఆవు, ఎనుము, గొర్రె, మేక వేటికీ గడ్డిలోని పీచుని విడగొట్టే ఎంజైము సొంతంగా లేదు. వరిగడ్డి, చెనిక్కాయ కట్టె, చొప్ప ఎంత నమిలినా వాటి ఒంటికి నేరుగా ఒరిగేది చాలా తక్కువ. ఆ పని చేసిపెట్టేది నాలుగు గదుల పొట్టలో మొదటిదీ అన్నిటికన్నా పెద్దదీ అయిన రూమెన్‌లో ఉండే జీవులు. పెద్ద సంకరజాతి ఆవులో ఈ గది వంద లీటర్లకు పైగా పడుతుంది. లోపల గాలి ఉండదు, వేడి ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గర, ఆమ్లత్వం కొలిచే పీహెచ్ 6కీ 7కీ మధ్య (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది). ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే అందులో వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బ్యాక్టీరియా, లక్ష నుంచి పది లక్షల దాకా ప్రోటోజోవాలు (బ్యాక్టీరియా కన్నా పెద్దవైన ఏకకణ జీవులు) ఉంటాయి. ఇవి కాక ఫంగస్‌లు, మీథేన్ పుట్టించే ఆర్కియాలనే సూక్ష్మజీవులు.

ఈ ప్రోటోజోవాలను 1843లోనే ఫ్రాన్స్‌లో గ్రూబీ, డెలాఫాన్ అనే ఇద్దరు చూశారు. తోకలాంటిది ఊపుతూ తిరిగే కొన్నిటిని కూడా చాలాకాలం ప్రోటోజోవాలే అనుకున్నారు. అవి నిజానికి ఫంగస్ బీజాలని 1975లో కాలిన్ ఆర్పిన్ తేల్చేదాకా, గాలి లేనిచోట బతికే ఫంగస్ ఉంటుందని ఎవరూ నమ్మలేదు. చొప్ప కాడలోకి వేళ్లు దింపి చీల్చే పనిలో ఈ ఫంగస్‌లది పెద్ద చేయి.

గడ్డి పులిసినప్పుడు వచ్చే అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలే ఆవుకి అసలు తిండి. దానికి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం వీటి నుంచే వస్తుంది. మాంసకృత్తుల విషయం ఇంకా వింత. పొట్టలో పెరిగిన సూక్ష్మజీవులు కిందికి జారి నాలుగో గదిలోకి చేరగానే ఆవు వాటినే అరిగించుకుంటుంది. మన కన్నీళ్లలో క్రిముల్ని చంపే లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది కదా, అదే రకం ఎంజైము ఆవు నాలుగో గదిలో ఊరి బ్యాక్టీరియా గోడల్ని పగలగొడుతుంది. చిన్నపేగుకి చేరే మాంసకృత్తుల్లో సగానికి పైగా ఇలా వచ్చినవే. రైతు ఆవుని మేపితే, ఆవు లోపల ఇంకో మందని మేపి, ఆ మందనే తిని పాలిస్తుందన్నమాట.

ఆ మందకి కాపలా ఉమ్మి. నెమరు వేసే పెద్ద ఆవుకి రోజుకి వంద లీటర్లకు పైగా ఉమ్మి ఊరుతుంది. అందులో వంటసోడా లాంటి బైకార్బొనేట్ ఉండి, పుట్టే ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. నెమరు ఆగిందంటే ఉమ్మి తగ్గినట్టే. "నెమరు వేస్తా ఉందా?" అని పెద్దవాళ్లు మొదట అడిగే ప్రశ్నని ఏ ల్యాబ్ పరీక్షా ఇంకా వెనక్కి నెట్టలేదు.

బకెట్ అన్నం చేసే పని

గడ్డిలోని పీచు గంటల తరబడి నెమ్మదిగా పులుస్తుంది. ఉడికిన అన్నం అలా కాదు. పిండిపదార్థం ఉడికి మెత్తబడి సూక్ష్మజీవులకి వడ్డించిన విస్తరిలా సిద్ధంగా ఉంటుంది. అంత పిండి ఒక్కసారి పడగానే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా పుంజుకుంటుంది. ఇది బయటి నుంచి వచ్చింది కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆవులోనూ ఓ మూల కొద్దిమొత్తంలో ఉంటుంది. తిండి దండిగా దొరికితే అరగంట లోపే రెట్టింపవుతుంది, లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తుంది. పెరుగుని పులిపించే ఆమ్లమే ఇది, కాకపోతే ఇక్కడ పులిసేది పొట్ట.

లాక్టిక్ ఆమ్లాన్ని తిని బతికే బ్యాక్టీరియా కూడా అక్కడే ఉన్నాయి. మెగాస్ఫేరా ఎల్స్‌డెనై అలాంటిది. చిక్కల్లా వాటి పెరుగుదల నిదానం. రోజూ కాస్త కాస్తగా గింజ తినే ఆవులో వాటి జనాభా ముందే పెరిగి ఉంటుంది. జన్మంతా వరిగడ్డి తిన్న ఆవుకి కనుమ రోజు బకెట్ పొంగలి పెడితే, ఆమ్లం తయారుచేసేవి పరుగెడతాయి, దాన్ని తినేవి ఇంకా నిద్ర లేవవు. పీహెచ్ 5.5 కిందికి పడితే ప్రోటోజోవాలు, పీచుని అరిగించే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. 5 దగ్గరకొస్తే స్ట్రెప్టోకాకస్ కూడా నిలవలేక, ఇంకా పులుపు ఓర్చుకునే లాక్టోబాసిల్లస్‌లకి చోటిస్తుంది. డబ్బాల మీద "మంచి బ్యాక్టీరియా" అని రాసి అమ్మే కుటుంబమే ఇది. ఆవు రూమెన్‌లో అవి రాజ్యం చేశాయంటే ఆవు చావుబతుకుల్లో ఉన్నట్టు. మంచి, చెడ్డ అని సూక్ష్మజీవులకి ముద్ర వేయడం ఎంత తొందరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆమ్లం పేరుకున్న పొట్ట, ఉప్పు చల్లిన ముక్కలోంచి నీరు ఊరినట్టు, ఒంట్లోని నీటిని లోపలికి లాగేస్తుంది. డొక్కలో గలగల, లోపలికి పోయిన కళ్లు అందుకే. పొట్ట గోడ పుండుపడితే ఫ్యూజోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే ఇంకో పాత కాపురస్తుడు ఆ దారిన రక్తంలోకి దూరి కాలేయంలో చీముగడ్డలు పెడుతుంది. గండం గడిచిందనుకున్న ఆవు తర్వాత గిట్టల నొప్పితో కుంటడం కూడా ఆ ఒక్క రాత్రి తిండి తాలూకు బాకీయే.

పుంగనూరు ఆవు గురించి ఇక్కడ ఓ మాట. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు సంకరజాతి ఆవులో సగం కూడా ఉండదు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చిన ఈ జాతి ఇప్పుడు నగరాల్లో ముద్దుగా పెంచుకునే ఆవు అయింది. హాల్లో తిప్పుతారు, ఫొటోలు తీస్తారు, వచ్చిన ప్రతి చుట్టమూ ఒక చపాతీ, ఒక అరటిపండు, ఒక లడ్డూ నోటికందిస్తాడు. దాని పొట్ట కూడా చిన్నదేనని ఎవరికీ తట్టదు. పెద్ద ఆవు తట్టుకునే తిండి దీనికి రెండింతల మోతాదు. మెట్ట కసువు తిని బతికేలా తయారైన జాతికి ప్రేమతో అజీర్తి తెప్పించడం ఇదే.

పాలకేంద్రంలో కనపడే జబ్బు

పై కథలో జబ్బు కంటికి కనిపిస్తుంది. కనిపించకుండా జేబుకి చిల్లు పెట్టే రకం ఇంకొకటి ఉంది. దాణా ఎక్కువ, గడ్డి తక్కువ అయిన కొట్టాల్లో పీహెచ్ రోజూ కొన్ని గంటలపాటు కిందికి జారి మళ్లీ లేస్తుంటుంది. ఆవు పడిపోదు. ఒకరోజు బాగా తింటుంది, ఒకరోజు తినదు. పేడ ఒకరోజు గట్టిగా, ఒకరోజు జారుగా. రైతు దీన్ని జబ్బు అనుకోడు.

పట్టిచ్చేది పాలకేంద్రంలోని మిషను. పాలలో వెన్న తయారీకి ముడిసరుకు అసిటేట్. అది పుట్టేది పీచు పులిసినప్పుడు. పీచుని అరిగించే బ్యాక్టీరియా పులుపుకి తట్టుకోలేక వెనక్కి తగ్గితే అసిటేట్ తగ్గుతుంది. పొట్టలో కొవ్వు ఆమ్లాలు మారే తీరు కూడా దారి తప్పి, పొదుగులో వెన్న తయారవడమే మందగిస్తుంది. నాలుగు శాతం దగ్గర ఉండే ఫ్యాట్ మూడున్నరకి, మూడుకి దిగుతుంది. పాలు తగ్గవు, ధర తగ్గుతుంది. మిషను సరిగా లేదని కేంద్రంలో గొడవపడటం, నీళ్లు కలిపారేమోనని ఇంట్లో ఒకరినొకరు అనుమానించడం మామూలే. నీళ్లు కలిపితే వెన్నతోపాటు మిగతా ఘనపదార్థాలూ (ఎస్ఎన్ఎఫ్) పడిపోవాలి. ఎస్ఎన్ఎఫ్ అలాగే ఉండి ఫ్యాట్ ఒక్కటే దిగిందంటే తొట్టిలో ఏం పడుతోందో చూసుకోవాలి.

చిత్తూరు జిల్లాకి ఇందులో తనదైన సీజన్ ఒకటి ఉంది. జూన్, జూలైలో తోతాపురి కోతలు. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి ట్రాక్టర్లకెత్తిన తొక్క, టెంక, పీచు పాడిరైతుల ఇళ్లకి చేరుతుంది. ధర పడిపోయిన ఏడాది కాయలే తోటలో రాలి ఉంటాయి, పశువుల్ని అందులోకి తోలేస్తారు. మామిడి తొక్క మేతగా పనికిరానిదేం కాదు. కానీ అందులో చక్కెర ఎక్కువ, అది అన్నం కన్నా వేగంగా పులుస్తుంది. టెంక గొంతులో అడ్డంపడే ప్రమాదం వేరే. మదనపల్లె, పలమనేరు వైపు టమోటా ధర పడి బుట్టలకొద్దీ పశువుల ముందు పోసినప్పుడూ ఇదే లెక్క. ఉత్త టమోటాతో కడుపు నిండితే పీచు తక్కువ, నెమరు తక్కువ, ఉమ్మి తక్కువ. ఎండుగడ్డి ముందు పెట్టి, ఇవి తర్వాత కొంచెం కొంచెంగా వేసే ఇంట్లో ఆవుకి ఏమీ కాదు. మేత మార్చాలంటే రెండు మూడు వారాలు తీసుకోమని పశువైద్యులు చెప్పేది అందుకే. ఆమ్లాన్ని తినే బ్యాక్టీరియా జనాభా పెరగడానికి ఆ మాత్రం గడువు కావాలి. ఆమ్లాల్ని పీల్చుకునే పొట్ట గోడ కుచ్చులు పొడవు పెరగడానికి ఇంకా ఎక్కువ.

కడుపుబ్బరం సంగతి క్లుప్తంగా. పెద్ద ఆవు పొట్టలో గంటకి 30 నుంచి 50 లీటర్ల గ్యాసు పుడుతుంది, త్రేన్పులతో పోతుంది. లేత అలసంద, లూసర్న్ లాంటివి ఖాళీ కడుపుతో మేస్తే వాటిలోని మాంసకృత్తులు, సూక్ష్మజీవుల జిగురు కలిసి సబ్బు నురగలా చిక్కటి నురగ కడతాయి. గ్యాసు ఆ బుడగల్లో చిక్కి త్రేన్పు రాదు. నూనె పట్టించడం అనే పాత పద్ధతి ఇక్కడ నిజంగానే పనిచేస్తుంది, నూనె నురగని విరుస్తుంది. అయితే గొట్టం లేకుండా తల పైకెత్తి గబగబా పోసి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చచ్చిన పశువులూ ఉన్నాయి.

విషం పుట్టేది కూడా అక్కడే

వాన ముఖం చాటేసిన ఏడాది రాయలసీమలో గొర్రెల కాపరులు భయపడేది నాముకి. బెట్టకు గిడసబారిన జొన్న, కోసిన మోడు నుంచి చిగిర్చిన లేత పిలకలు మేసిన గొర్రెలు, ఆవులు నిమిషాల్లో గిలగిల కొట్టుకుని పడిపోతాయి. ఆ పిలకల్లో డురిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టి సయనైడు బయటికి తీసేది రూమెన్‌లోని సూక్ష్మజీవులే. అదే పిలక గుర్రం తింటే దాని పొట్టలోని ఆమ్లం ఈ పనిని కొంత అడ్డుకుంటుంది. నెమరు వేసే పశువుకి ఆ రక్షణ లేదు. రోజూ గడ్డిని అన్నంగా మార్చిపెట్టే పనివాళ్లే ఒకరోజు విషం తయారుచేస్తారు. వాళ్లకి తేడా తెలియదు, దొరికిందాన్ని విడగొట్టడం వరకే వాళ్ల పని. వెంటనే డాక్టరు నరానికి ఇంజెక్షన్ ఎక్కిస్తే బతికించవచ్చు గానీ, మంద మధ్యలో అంత టైమ్ దొరకడం అరుదు.

గొర్రెల్లో చిటుక రోగం ఇంకో రకం పాఠం. తొలకరికి పచ్చిక మొలుస్తుంది. వారం రోజుల్లో మందలో బాగా బలిసిన పిల్లలు, తల్లి పాలు దండిగా తాగినవి, చిటికె వేసినంతలో చచ్చి పడి ఉంటాయి. బక్కపిల్లలకి ఏమీ కాదు. దిష్టి తగిలిందనుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎంచుకున్నట్టు మంచివే పోతాయి మరి. దీనికి కారణం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం బ్యాక్టీరియా. ఇదీ ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులో కొద్దిగా ఉండేదే. ఎక్కువగా తిన్నప్పుడు అరగని పిండి, చక్కెర చిన్నపేగు దాకా జారతాయి. అక్కడ దీనికి పండగ. అది వదిలే ఎప్సిలాన్ విషం మొదట నిద్రావస్థలో ఉంటుంది. గొర్రె సొంత జీర్ణరసం ట్రిప్సిన్ దాన్ని కోసి నిద్రలేపుతుంది. పేగు గోడ దాటి మెదడుకి, మూత్రపిండాలకి చేరుతుంది. అరుగుదల బాగున్న పిల్లలోనే విషం బాగా పుడుతుంది కాబట్టి బలిసినదే ముందు పోతుంది. వానలకి ముందే వేసే టీకా ఆ విషాన్ని అడ్డుకునేలా రక్తాన్ని సిద్ధం చేస్తుంది, పేగులోని బ్యాక్టీరియా జోలికి పోదు. పోవలసిన పని కూడా లేదు.

దూడ పొట్ట ఖాళీ ఇల్లు

పుట్టిన దూడకి రూమెన్ ఉన్నా పని చేయదు. పాలు ఒక కాలువలాంటి మడత గుండా నేరుగా నాలుగో గదిలోకి పోతాయి. ఇంట్లో ఎవరు ముందు చేరతారన్నది మొదటి రోజుల్లోనే తేలుతుంది. తల్లి పొదుగు, తల్లి నాలుక, నేల మీది పేడ వీటి నుంచే మొదటి కాపురస్తులు వస్తారు. పారుడు తెచ్చే ఈ.కోలై, రోటా వైరస్, క్రిప్టోస్పోరిడియం కూడా అదే నేల మీద కాచుకుని ఉంటాయి. జున్నుపాలలోని రక్షక పదార్థాల్ని దూడ పేగు పీల్చుకోగలిగేది మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. ఒక రోజు గడిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. మాయ పడేదాకా దూడని వదలకూడదన్న పట్టింపు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఈనిన ఎనిమిది గంటల తర్వాత మాయ పడితే దూడకి అందాల్సిన రక్షణలో పెద్ద వాటా అప్పటికే పోయినట్టు. జున్ను వండి వీధంతా పంచే మర్యాద బాగానే ఉంది, దూడ కడుపు నిండాక.

ఇంకో అలవాటు మరీ ప్రమాదకరం. పొదుగువాపుకి ఇంజెక్షన్ వేసిన ఆవు పాలు కేంద్రంలో పోయకూడదు కాబట్టి పారబోయడం ఎందుకని దూడకి పట్టిస్తారు. ఆ పాలలో మిగిలిన యాంటీబయాటిక్ దూడ పేగులో కుదురుకుంటున్న జీవుల్ని ఏరి ఏరి చంపుతుంది, మందుకి లొంగని రకాల్ని మిగులుస్తుంది. పెద్ద ఆవుకి నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడేదీ ఇందుకే. జబ్బు క్రిమి చచ్చేలోగా మేత అరిగించే మంద చస్తుంది. పారుతున్న దూడకి చాలాసార్లు మొదట కావలసింది ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు. చావు తెచ్చేది ఎక్కువగా ఒంట్లో నీరు పోవడమే.

కోళ్లలో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. చిత్తూరు చుట్టుపక్కల షెడ్లలో పెరిగే కోడిపిల్ల ఇంక్యుబేటర్లో కళ్లు తెరుస్తుంది, తల్లి రెక్క కిందికి పోదు. దాని పేగు చాలారోజులు ఖాళీగా ఉంటుంది, ఏది ముందొస్తే అది పాతుకుంటుంది. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మీ, రంటాలా అనే ఇద్దరు పెద్ద కోళ్ల పేగులోని జీవుల్ని కోడిపిల్లలకి పట్టించి, తర్వాత సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమిని ఇచ్చి చూశారు. పట్టించిన పిల్లల్లో అది నిలవలేకపోయింది. చోటు ముందే నిండిపోయింది. దాణాలో యాంటీబయాటిక్ కలిపి కోళ్లని పెంచే పద్ధతిని యూరోపియన్ యూనియన్ 2006 నుంచి ఆపేసింది. మనుషులకి ఆఖరి అస్త్రంగా దాచుకున్న కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని పశువులకి, కోళ్లకి వాడటాన్ని భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది.

కారణమా, ఫలితమా?

జబ్బుపడిన పశువు పేగులో సూక్ష్మజీవుల కూర్పు మారిందని ఇవాళ డీఎన్ఏ పరీక్షతో తేలిగ్గా చూపించవచ్చు. ఏ జంతువులో, ఏ జబ్బులో చూసినా మారే ఉంటుంది. ఆ మార్పు జబ్బు తెచ్చిందా, జబ్బే ఆ మార్పు తెచ్చిందా అన్నది తేల్చడం కష్టం. విరేచనాలైతే పేగు కడిగేసినట్టవుతుంది, అప్పుడు ఎవరుంటారు, ఎవరు కొట్టుకుపోతారు అన్నది ఎలాగూ మారుతుంది. పై ఉదాహరణల్లో అన్నం తిన్న ఆవు, చిటుక పట్టిన గొర్రె విషయంలో కారణం గట్టిగా తెలుసు, అడుగడుగూ చూపించవచ్చు. కుక్కల దీర్ఘకాలపు విరేచనాల్లో అంత స్పష్టత లేదు. అక్కడ బాగా తెలిసిన తీగ ఒకటుంది. కుక్క పేగులో పిత్తరసాన్ని మార్చే హిరనోనిస్ అనే ఒక బ్యాక్టీరియా తగ్గితే పిత్త ఆమ్లాల లెక్క తప్పి విరేచనాలు తగ్గవు. విరేచనాలు అనగానే వేసే మెట్రోనిడజోల్ మాత్ర ఆ బ్యాక్టీరియానే పడగొడుతుంది. కోర్సు అయిపోయాక కూడా కొన్ని కుక్కల్లో అది వారాల తరబడి తిరిగి లేవదు.

ఇంత తెలిసినా, మందుల షాపులో "కోట్లాది మంచి బ్యాక్టీరియా" అని రాసిన ప్యాకెట్ కొనేటప్పుడు ఒక లెక్క వేసుకోవాలి. వంద లీటర్ల రూమెన్‌లో ఒక్కో మిల్లీలీటరుకే వెయ్యి కోట్లున్నప్పుడు, ప్యాకెట్లోని కొన్ని వందల కోట్లు చెరువులో చెంబుడు నీళ్లు. ఈస్ట్ లాంటి కొన్ని రకాలకి రోజూ వాడితే పనికొచ్చిన ఆధారాలున్నాయి, ఉన్నవాటి పెరుగుదలకి ఊతమిస్తాయి కాబట్టి. తొట్టిలో అన్నం పోయడం మానకుండా ప్యాకెట్ కలిపితే మాత్రం దండగ ఖర్చు. కనుమనాడు మన పల్లెల్లో పశువులకి దంచి పట్టించే ఉప్పుచెక్కని కూడా ఇదే తక్కెడలో తూచాలి. అడవి చెట్ల బెరడులో ఉండే వగరు పదార్థాలు రూమెన్ జీవుల మీదా, ఏలికపాముల మీదా పనిచేసే గుణం ఉన్నవే. ఏడాదికి ఒక గుక్కతో పొట్ట బాగుపడదు, అదే సాయంత్రం పెట్టే పొంగలి తగ్గిస్తే బాగుపడుతుంది.

అరువు నెమరు

పొట్టలో మంద చచ్చిపోయిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. ముక్కు గుండానో నోటి గుండానో గొట్టం వేసి కాస్త రూమెన్ ద్రవం తీస్తారు. ఆరోగ్యంగా ఉంటే ఆకుపచ్చగా, కొద్దిగా చిక్కగా, పులియబెట్టిన మేత వాసనతో ఉంటుంది. అన్నం తిన్న ఆవుదైతే పాలు కలిపినట్టు బూడిదరంగులో, ముక్కు మూసుకునేంత పుల్లగా ఉంటుంది. పీహెచ్ కాగితం ముంచితే రంగు మారి చెబుతుంది. వెచ్చగా ఉండగానే ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెడితే మంచి ద్రవంలో ప్రోటోజోవాలు సంతలో జనంలా కిటకిటలాడుతూ ఒకదాన్నొకటి నెట్టుకుపోతుంటాయి. చెడిన ద్రవంలో అవే ఉబ్బి, పగిలి, కదలకుండా పడి ఉంటాయి. ఇంకో పరీక్షలో కొంచెం మిథిలీన్ బ్లూ కలుపుతారు. బ్యాక్టీరియా చురుగ్గా ఉంటే ఆ నీలం మూడు నుంచి ఆరు నిమిషాల్లో విరిగి ద్రవం తన రంగుకి తిరిగొస్తుంది. పావుగంటైనా నీలం పోలేదంటే పనివాళ్లు లేరు.

లేని పనివాళ్లని తేవడానికి పాత ఉపాయమే ఇప్పటికీ దిక్కు. ఆరోగ్యంగా నెమరువేసే ఆవు పొట్టలోంచి నాలుగైదు లీటర్ల ద్రవం తీసి, గుడ్డలో వడగట్టి, వేడి పోకుండా జబ్బు ఆవుకి గొట్టంతో పట్టించడం. గొట్టాలు లేని కాలంలో మంచి ఆవు నోట్లోంచి నెమరు ముద్ద లాగి రోగి ఆవు నోట్లో కుక్కేవాళ్లు. కబేళాలో అప్పుడే కోసిన పశువు నుంచీ తీసుకోవచ్చు. పశువైద్య కళాశాలల్లో డొక్కకి కిటికీలాంటి మూత అమర్చిన ఆవు ఉంటే పని ఇంకా సులువు. ఒకటే షరతు: ముందు ఆ పులుపుని విరవాలి, అన్నం ఎక్కువుంటే బయటికి తీయాలి. 5 పీహెచ్ ఉన్న పొట్టలోకి కొత్త మందని తోలితే అదీ ఆ రాత్రే చస్తుంది. 1955 నుంచి ఉన్న తిరుపతి పశువైద్య కళాశాల, 2005లో దాని చుట్టూ ఏర్పడ్డ విశ్వవిద్యాలయం దగ్గర్లో ఉండటం ఈ ప్రాంతపు రైతుకి ఒక వెసులుబాటు. గొట్టం, మైక్రోస్కోపు, తెలిసిన చెయ్యి మూడూ ఒకేచోట దొరుకుతాయి.

ఈ అరువు ఎంత దూరం పోతుందో చెప్పే ఉదంతం సుబాబుల్ చెట్టుది. దాని ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ ఆకు ఎక్కువ మేసిన పశువులకి వెంట్రుకలు ఊడేవి, గొంతు గ్రంథి వాచేది, బరువు తగ్గేది. హవాయి దీవుల్లో మేకలు అదే ఆకుని కడుపునిండా మేసి నిక్షేపంగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే పరిశోధకుడు తేడా మేకలో లేదని, పొట్టలో ఉందని అనుమానించాడు. 1980ల్లో హవాయి మేక రూమెన్ ద్రవాన్ని ఆస్ట్రేలియా తెచ్చి అక్కడి పశువులకి పట్టిస్తే అవీ ఆకుని అరిగించుకున్నాయి. విషాన్ని విడగొట్టే ఆ బ్యాక్టీరియాకి 1992లో ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సై అని పేరు పెట్టారు. మందలో అన్నిటికీ పట్టించాల్సిన పని కూడా పడలేదు. కొన్నిటికి పట్టిస్తే, వాటితో కలిసి మేసిన మిగతా పశువులు వాటంతట అవే అందుకున్నాయి.